బడికి వచ్చిన ఉత్తరాలు

ఇక్కడ ఏమైనా రాసి చాలా రోజులైంది. విషయాలు లేక కాదు. రాయవలసినది ఒకటి గొంతుకు అడ్డంపడి మిగతావాటికి దారి ఇవ్వలేదు. గత దసరాకు ఊరికి వెళ్ళినప్పుడు ఆ అడ్డు తొలగింది, లేదా తొలగిందనుకున్నాను. చదివాక మీరే చెప్పండి.

బ్లాగుల్లో మనం రాసుకునేదాన్ని టపా అంటున్నాం. ఎవరు ముందుగా వాడారో గాని చక్కని మాట. మా తాత నోట టపా అంటే ఉత్తరాల సంచి. "టపా వచ్చిందా?" అని ఆయన అడిగితే పోస్టుమాను సైకిలు వచ్చిందా అని అర్థం. నా ఈ టపా ఆ టపా గురించే.

మాది కొండగట్టుకు దగ్గరలో ఉన్న ఒక పల్లె. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే రహదారి మీద ముత్యంపేట వైపు వస్తుంటే అంజన్న గుట్ట కనబడుతుంది. ఒకే విగ్రహంలో నారసింహ ముఖమూ ఆంజనేయ ముఖమూ ఉన్న దేవుడు. మనసు చెదిరినవారిని తీసుకువచ్చి నలభై రోజులు కొండ మీద ఉంచితే కుదుటపడతారని మా వైపు నమ్మకం. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా ఏర్పడే వరకు మేమంతా కరీంనగర్ జిల్లావాళ్ళమే. నేను చదివింది అక్కడి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. వరండాలో నిలుచుంటే గుట్ట కనిపించేది.

ఆ బడి గడప దాటిన మగపిల్లవాడికి దారులు లెక్కపెట్టినన్నే ఉండేవి. కోరుట్ల, జగిత్యాల వైపు వాళ్ళు దుబాయి పోయేవారు. సిరిసిల్ల వైపు మగ్గాల వాళ్ళు భివండీ పోయేవారు. కొందరు అడవిలోకి పోయారు. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం మేము పుట్టకముందు సంగతులే. అయినా మా బాల్యమంతా వాటి వెనుకే నడిచింది. యూనిఫారం అనే మాటను మా పల్లెల్లో గొంతు తగ్గించి పలికేవారు. అటువంటి చోటి నుంచి 1998 చివరలో మా బడిలో చదివిన ఇద్దరు సైన్యంలో చేరారు.

ఇద్దరూ నాకంటే మూడు తరగతులు పెద్ద. సికింద్రాబాద్‌లో జరిగిన భర్తీకి వెళ్ళారు. 1,600 మీటర్లు పరుగెత్తారు, తొమ్మిది అడుగుల గుంత దూకారు, దూలానికి వేలాడి గడ్డం ఆనించారు. ఒకడిని హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటరుకు పంపారు. అంటే ఫిరంగి దళం. రెండోవాడు నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌కు, మద్రాస్ రెజిమెంటు శిక్షణ కేంద్రానికి వెళ్ళాడు. వారి అసలు పేర్లు ఇక్కడ రాయను. బడిలో మేము పెట్టుకున్న పేర్లే చాలు. ఒకడు గోల్కొండన్న, ఇంకొకడు నీలగిరన్న.

ఆ ఇద్దరూ ఉత్తరాలు ఇంటికి రాయలేదు, బడికి రాశారు. మా తెలుగు సారు పేరిట.

కోరుకొండ సైనిక పాఠశాల వంటి చోట పూర్వ విద్యార్థి సైన్యం నుంచి ఉత్తరం రాయడం వింత కాదు. 1962లో మొదలైన ఆ బడి పనే సైనికాధికారులను తయారుచేయడం. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మరణించిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు అక్కడ చదివినవాడే. మాది అటువంటి బడి కాదు. వానాకాలం రెండు గదులు కురిసే బడి. దానికి ఉత్తరాలు రావడానికి కారణం అభిమానం ఒక్కటే కాదు. ఇంట్లో చదవగలిగినవాళ్ళు లేరు.

1991 జనగణన నాటికి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 44 మంది. స్త్రీలలో 33 మందైనా లేరు. గోల్కొండన్న వాళ్ళమ్మను నేను పెద్దమ్మ అని పిలిచేవాణ్ణి. రాత్రిబడికి నాలుగు రోజులు పోయి పేరు రాయడం నేర్చుకుంది, అంతే. పెదనాన్న భివండీలో మరమగ్గం మీద ఉండేవాడు, ఏటికి రెండుసార్లు వచ్చేవాడు. కాబట్టి కొడుకు తల్లికి చెప్పదలచినదంతా సారుకు రాసేవాడు. సారు చదువుకుని, ప్రార్థన సమయంలో పిల్లలకు పనికివచ్చే ముక్కలు చదివి, ఆ ఉత్తరాన్ని నా చేతికిచ్చేవాడు. మా ఇల్లు వాళ్ళ వాడలోనే ఉండేది. నాకు గొంతు స్పష్టంగా ఉందని సారు అభిప్రాయం. నా పని దాన్ని పెద్దమ్మకు చదివి వినిపించడం.

మొదటి ఉత్తరాలన్నీ తిండి, నిద్ర, భాష గురించే. పొద్దున నాలుగున్నరకు లేపుతారని, వంటశాలను లంగర్ అంటారని, అన్నం తక్కువ, రొట్టె ఎక్కువ అని, నేర్పేవాణ్ణి ఉస్తాద్ అనాలని, తప్పు చేస్తే పెట్టే శిక్ష పేరు రగడా అని. ఆదివారం గుడికి పోవడం కూడా వరుసలో నిలబడే పోవాలట, దాన్ని మందిర్ పరేడ్ అంటారట. ఇది ప్రార్థనలో చదివిన వారానికి మా బడిలో చిన్న పిల్లలంతా రగడా ఆట కనిపెట్టారు. ఓడినవాడు మైదానం చుట్టూ సంచి నెత్తిన పెట్టుకుని తిరగాలి.

ఉత్తరం కింద సంతకం మాత్రం ఒకేలా ఉండేది. "ఇట్లు మీ విధేయ విద్యార్థి, పదవ తరగతి, బి సెక్షను." బడి విడిచి రెండేళ్ళు దాటినా అతడు సెక్షను వదలలేదు.

సారు కూడా వదలలేదు. ఉత్తరంలో ఒత్తులు తప్పితే ఎర్ర సిరాతో దిద్దేవాడు. పెద్దమ్మ ఇంటికి నేను పట్టుకుపోయే ఇన్లాండు లెటరు మీద నీలం అక్షరాల నడుమ ఎర్ర గీతలుండేవి. "రక్తం లెక్క గదేంది బిడ్డా?" అని ఒకసారి ఆమె ఉలిక్కిపడింది. సారు దిద్దాడని చెబితే నవ్వింది. "తుపాకి పట్టినంక గూడ సారు దెబ్బలు తప్పలేదన్న మాట" అంది.

నీలగిరన్న ఉత్తరాలు వేరు. చలి గురించి, తేయాకు తోటల గురించి, తమిళం, మలయాళం, కన్నడం, తెలుగు కలగలిసిన బారకాసు గురించి. ఒక ఉత్తరంలో అతడు రాసిన సంగతి మా ఊరంతా తిరిగింది. మద్రాస్ రెజిమెంటుకు ఒక యుద్ధనినాదం ఉంది, "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు" అని. వారం రోజులు అర్థం తెలియకుండానే గొంతు చిరిగేలా అరిచాడట. ఆ తరువాత పక్క మంచం తమిళ కుర్రవాణ్ణి అడిగితే, కొట్టు, చంపు అని చెప్పాడట. తెలిసిన మరునాడు కూడా అరిచాను గాని సార్, మొదటి రోజు అరిచినంత హాయిగా అరవలేకపోయాను అని రాశాడు. సారు ఆ వాక్యాన్ని ప్రార్థనలో చదివి, కాసేపు ఆగి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఎర్ర కలం తీయలేదు.

1999 మే నెలలో కార్గిల్ సంగతి మొదలైంది. బడికి వేసవి సెలవులు. గోల్కొండన్న సెలవుల్లో కూడా బడి చిరునామాకే రాశాడు. జూన్‌లో బడి తెరిచేసరికి పోస్టు కార్యాలయంలో నాలుగు ఉత్తరాలు పోగుపడి ఉన్నాయి. నేను పదో తరగతిలోకి వచ్చాను. తోలోలింగ్, టైగర్ హిల్, ద్రాస్ అన్న పేర్లు మా ఊరి టీవీ ముందు చిన్న పిల్లలకు కూడా కంఠతా వచ్చేశాయి. మేము తలా రూపాయి పోగుచేసి జవాన్ల నిధికి పంపాం.

జులై 26తో ముగిసిన ఆ యుద్ధంలో 527 మంది మన సైనికులు మరణించారు. మన ఫిరంగులు 2,50,000కు పైగా గుండ్లు, రాకెట్లు పేల్చాయి. 2022లో ద్రాస్ దగ్గరి 5140 శిఖరానికి గన్ హిల్ అని పేరు పెట్టింది ఆ ఫిరంగి దళం గౌరవార్థమే. ఇవన్నీ తరువాత తెలిసిన లెక్కలు. అప్పుడు మాకు తెలిసినది ఒక్కటే. టీవీలో కొండ మీదికి నిప్పు కక్కుతున్న ఆ పొడుగు గొట్టం దగ్గర నిలబడడమే గోల్కొండన్న నేర్చుకుంటున్న పని. అతని శిక్షణ ఇంకా పూర్తికాలేదు, పూర్తయ్యాక మాత్రం అక్కడికే.

జూన్ చివరలో వచ్చిన ఉత్తరాన్ని సారు ప్రార్థనలో చదవలేదు. మధ్యాహ్నం నన్ను ఒక్కణ్ణే స్టాఫు గదిలోకి పిలిచాడు. ఉత్తరంలో నాలుగు వరుసల చుట్టూ పెన్సిలుతో గీత గీసి ఉంది. ఆ వరుసల పైన గోల్కొండన్న తన చేత్తోనే రాశాడు, ఈ ముక్క మీకు మాత్రమే సార్, అమ్మకు చదవనీయకండి అని.

"ఈ గీత దగ్గర ఆగు. ఈ గీత దగ్గర మళ్ళీ అందుకో. నడుమ తడబడకు" అన్నాడు సారు. ఇంటి పద్యం అప్పగించమన్నట్టే అన్నాడు.

ఆ వరుసల్లో ఉన్నది ఇది. తనకంటే ముందు బ్యాచిలో పక్క మంచం మీద పడుకునే కుర్రవాడు శిక్షణ ముగించి రెజిమెంటుకు వెళ్ళాడు. నెల తిరగకుండానే గాయపడి ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసింది. అప్పటి నుంచి తనకు నిద్రలో ఫిరంగి చప్పుడు వినిపిస్తోంది. భయం వేస్తోంది. ఆ మాట ఉస్తాదుతో అనలేడు, పక్కవాడితో అనలేడు, అందుకని సారుతో అంటున్నాడు.

ఇంతే. ఇందులో దాచవలసినది ఏముందని ఇప్పుడు అనిపిస్తుంది. పద్నాలుగేళ్ళ వయసులో మాత్రం నా జేబులో మందుపాతర ఉన్నట్టు నడిచాను.

పెద్దమ్మ వాకిట్లో కూర్చుని బీడీలు చేస్తోంది. మా వైపు ఆడవాళ్ళ చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. ఒడిలో చాట, చాటలో తునికాకు, పొగాకు, దారం. నేను చదువుతుంటే ఆమె నా ముఖం చూసేది, చేతులు వాటి పని అవి చేసుకునేవి. ఆ రోజు గీత దాకా చదివాను. ఆగాను. నాలుగు వరుసల కిందికి దూకి మళ్ళీ అందుకున్నాను. తడబడలేదు. ఆమె చేతులు ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది. ఆకు మళ్ళీ చుట్టుకుంది.

"ఇంకేం రాయలేదా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. అంజన్న దారం చేతికే ఉందట. నిన్ను ఆరోగ్యం చూసుకొమ్మన్నడు."

"సరే. ఊరికొచ్చినప్పుడు ఆ బట్టలేసుకొని రావద్దని సారుతోని రాయించు."

అదే రోజుల్లో హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య మరణవార్త వచ్చింది. రాజపుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్ అధికారి, జూన్ 28న తోలోలింగ్ ప్రాంతపు పోరులో మరణించాడు, తరువాత మహావీర చక్ర ఇచ్చారు. ఆయన తండ్రికి రాసిన చివరి ఉత్తరం దేశమంతా చదివింది. గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని అందులో తండ్రిని కోరాడు. దాన్ని చదివినప్పుడల్లా నాకొకటే తోస్తుంది. ఆ తండ్రి వాయుసేనలో పనిచేసి విరమించినవాడు. కొడుకు ఏ మాట ఎందుకు రాశాడో, ఏ మాట ఎందుకు రాయలేదో తనంతట తానే పట్టుకోగలడు. నడుమ నాలాంటి కుర్రవాడు ఎవడూ లేడు.

కాని సిపాయి ఉత్తరానికి నడుమన ఎవరో ఒకరు ఉండడం పాత సంగతే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పోరాడిన భారతీయ సిపాయిలలో చాలామందికి రాయడం రాదు. పక్కవాడు రాసిపెట్టేవాడు. ఊళ్ళో మరొకరు చదివిపెట్టేవారు. ఆ రెండింటి నడుమ బ్రిటిషు సెన్సారు కూర్చునేవాడు. అనుమానంతో తెరిచి, ఇంగ్లీషులోకి తిప్పించి, ముఖ్యమైన ముక్కలు ఎత్తిరాయించి పెట్టుకున్నాడు. చిత్రమేమంటే, ఆ ఎత్తిరాసిన ముక్కలే ఈనాడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు ఉత్తరాలు ఏ మట్టిగోడల సందుల్లో చెదలు పట్టిపోయాయో. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు మా సారు పెన్సిలు గీత గుర్తొచ్చింది. మేమూ ఒక రకం సెన్సారులమే కదా అనిపించి చాలాసేపు పుస్తకం ముందుకు సాగలేదు.

యుద్ధం ముగిసిన కొన్నాళ్ళకు గోల్కొండన్న శిక్షణ ముగిసింది. ఫిరంగి ముందు, జెండా ముందు ప్రమాణం చేయించారని, దాన్ని కసమ్ పరేడ్ అంటారని రాశాడు. ఆ తరువాత ఉత్తరం మీద చిరునామా మారిపోయింది. గోల్కొండ పోయింది, హైదరాబాద్ పోయింది. ఒక నంబరు, గన్నర్ అనే మాట, రెజిమెంటు పేరు, కింద "కేరాఫ్ 56 ఏపీవో". సెక్షను కూడా పోయింది.

"ఇప్పుడు ఏ ఊర్లె ఉన్నడు?" అని అడిగింది పెద్దమ్మ.

నాకు తెలియదు. 56 ఏపీవో ఊరు కాదు. సైన్యపు పోస్టాఫీసు. ఎక్కడెక్కడో కొండల్లో ఉన్నవాళ్ళందరికీ అదే చిరునామా. దళం ఎక్కడున్నదీ బయటివారికి తెలియకూడదనే ఆ ఏర్పాటు. సారును అడిగితే ఢిల్లీ మీదుగా పోతుందన్నాడు. నేను పెద్దమ్మకు "ఢిల్లీ అవతల" అని చెప్పాను. ఆమె చాలా రోజులు వాడకట్టు వాళ్ళతో అదే చెప్పింది. మావాడు ఢిల్లీ అవతల ఉన్నడు అని.

ఆ చిరునామా నుంచి వచ్చిన ఏ ఉత్తరం మీదా ఎర్ర గీత లేదు. ఒత్తులు ఎప్పటిలాగే తప్పుగా ఉన్నాయి. సారు దిద్దడం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు.

మిగిలిన కథ క్లుప్తంగా చెబుతాను. నేను పది పాసై కరీంనగర్ వెళ్ళాను. ఊళ్ళోకి ఫోన్లు వచ్చాయి, ఉత్తరాలు తగ్గాయి, ఆగిపోయాయి. నీలగిరన్న సెలవు మీద వచ్చినప్పుడు కలుస్తూనే ఉండేవాడు, ఇప్పుడు కుటుంబంతో వేరే రాష్ట్రంలో స్థిరపడ్డాడు. గోల్కొండన్న పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా విరమించి, కరీంనగర్‌లో ఒక బ్యాంకు ముందు కాపలా ఉంటున్నాడు. ఎడమ చెవి సరిగా వినపడదు. ఫిరంగి దగ్గర బతికినవాళ్ళకు అది మామూలేనని నవ్వుతాడు.

గత దసరాకు సారు ఇంటికి వెళ్ళాను. డెబ్బై అయిదు దాటాయి. చూపు బాగా తగ్గింది. ఒక ప్లాస్టిక్ సంచి తెప్పించి నా చేతిలో పెట్టాడు. అందులో ఆ ఉత్తరాలు. పెద్దమ్మకు వినిపించాక నేను తిరిగి తెచ్చి ఇచ్చినవన్నీ దాచాడు. "నాకిప్పుడు అక్షరాలు కనబడుతలేవు. అప్పుడు చదివినవాడివి నువ్వే గదా, నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.

మరునాడు సంచి పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ముసలిదైపోయింది. చాట లేదు. వేళ్ళు వంకరపోయాయి. పాత ఉత్తరాలు దొరికాయి, చదవనా అన్నాను. ఏదో ఒక సరదా ఉత్తరం, లంగర్ రొట్టెల ఉత్తరం చదువుదామని నా ఉద్దేశం.

"అన్ని వద్దు. అప్పుడు ఇడిసిపెట్టినవి సదువు" అంది.

నాకు నోట మాట రాలేదు.

"ఏవి పెద్దమ్మా?"

"నీకెర్క లేదా? వానకాలం సురువుల. నీ కండ్లు కిందికి దునికినయి. నోరు మాత్రం ఆగలే. మంచిగ సదివేటోనివి, ఆనాడు మరీ మంచిగ సదివినవ్."

అక్షరం రానివాళ్ళు కాగితం చూడరు, చదివేవాడి ముఖం చూస్తారు. ఈ చిన్న సంగతి నాకూ తట్టలేదు, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన సారుకూ తట్టలేదు. ఉత్తరం వెతికి తీశాను. పెన్సిలు గీత మాసిపోయింది గాని ఉంది. చదివాను. పక్క మంచం కుర్రవాడు, ఆసుపత్రి, నిద్రలో చప్పుడు, భయం.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

"భయమైందని రాసిండా? గంతేనా?"

"గంతే పెద్దమ్మా."

"నేను ఇంకోటనుకున్న బిడ్డా, ఇన్నేండ్లు."

ముందు కాలో చెయ్యో పోయిందనుకుందట. వాడు సెలవుకు వచ్చి వాకిట్లో నిలబడ్డాక ఆ అనుమానం తీరింది. తరువాత ఇంకొకటి పట్టుకుంది. నీలగిరి వాడి ఉత్తరం సంగతి అప్పటికే ఊళ్ళో తిరుగుతోంది, ఆ నినాదానికి అర్థం ఆమె చెవినా పడింది. తన కొడుకు చేత ఎవరో చచ్చిపోయారని, ఆ మాటే తనకు చదవవద్దని రాశాడని అనుకుంది. శిక్షణ, యుద్ధం వేరు వేరని ఆమెకు ఎవరు చెప్పారు? కొడుకును అడగలేదు. అడిగితే వాడు నిజం చెబుతాడేమోనని. నన్ను అడగలేదు, చిన్నపిల్లవాణ్ణి అబద్ధంలోకి మళ్ళీ ఎందుకు తోయాలని. మంగళవారం గుట్టకు పోయినప్పుడల్లా రెండు కొబ్బరికాయలు కొట్టేదట. ఒకటి కొడుకు పేరున. ఒకటి పేరు తెలియని ఆ చచ్చిపోయినవాడి పేరున.

"వాని తల్లి ఎట్లున్నదో అనుకునేదాన్ని" అంది.

పాతికేళ్ళ పాటు. మేము దాచిన నాలుగు వరుసల చోట ఆమె తానే ఒక ఉత్తరం రాసుకుంది. అది మేము దాచినదానికంటే ఎన్నో రెట్లు బరువైనది. నేను దాన్ని ఇంకా పూర్తిగా ఆలోచించలేకపోతున్నాను. ఒక పిల్లవాడికి భయం వేసిందన్న మాట తల్లి చెవిన పడితే ఏమయ్యేది? ఒక రాత్రి ఏడ్చేది. మరునాడు గుట్టకు పోయి దారం కట్టి, "భయపడకు కొడుకా" అని సారుతో రాయించేది. అతనికి ఆ మాట అప్పుడు కావలసిన మాట.

ఆ రాత్రి గోల్కొండన్నకు ఫోను చేసి చెప్పాను. కుడిచెవికి మార్చుకుని మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. "అమ్మ ఏమన్నది?" అని ఒక్కటే అడిగాడు. గంతేనా అన్నదని చెప్పాను. చాలాసేపు రోడ్డు మీద బండ్ల చప్పుడే వినిపించింది. వచ్చే మంగళవారం సెలవు పెట్టి వస్తానన్నాడు. వచ్చాడట. ఇద్దరూ గుట్టకు పోయారట. ఎన్ని కొబ్బరికాయలు కొట్టారో నేను అడగలేదు.

ఇప్పుడు శిక్షణలో ఉన్న పిల్లలు ఉత్తరాలు రాయనవసరం లేదు. వీలు దొరికినప్పుడు ఫోనులో ముఖం చూపిస్తారు, తల్లి ముఖం చూస్తారు. నడుమ పెన్సిలు గీత గీసేవారు ఎవరూ లేరు. మంచిదే. అయినా ఫోనులో నవ్వే ముఖం కూడా కొన్ని వరుసలు దూకుతూనే ఉంటుందనుకుంటాను.

ఒక్కటి మిగిలింది. సారుకు ఈ సంగతి నేను ఇంకా చెప్పలేదు. ఆయన ఆ గీతను దయతోనే గీశాడు. ఈ వయసులో, చూపు పోయిన మనిషికి, ఆ దయ ఏం చేసిందో చెప్పడం అవసరమా అని ఒకసారి అనిపిస్తుంది. వెంటనే, నేను మళ్ళీ అదే పని చేస్తున్నానని కూడా అనిపిస్తుంది. చదవలేని మనిషి ఎదుట కూర్చుని, ఏ వరుస వినిపించాలో, ఏ వరుస దూకాలో నేనే తేల్చుకుంటున్నాను. సంక్రాంతికి మళ్ళీ ఊరికి పోతున్నాను. ఉత్తరాల సంచి కూడా తీసుకుపోతాను.

మీరైతే చెబుతారా? మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉత్తరం చదివిపెట్టి, నడుమ వరుసలు దూకినవారు మీలో ఎవరైనా ఉంటే రాయండి. సంక్రాంతికి ముందే చదువుకుంటాను.